దీవులకు రోగమును ఎగుమతి చేయువారు

పసిఫిక్ మహాసముద్రమందలి చిన్న దీవులలో అంటువ్యాధులను కనిపెట్టు ఏర్పాటులకు ధనమిచ్చుట పెద్ద రాజ్యముల దయాధర్మమని చెప్పువారు కలరు. అది దయ కాదు, బాకీ యని మేము చెప్పుచున్నాము. పద్దులు చూపెదము.

1875లో ఫిజీ రాజు థాకొంబౌ సిడ్నీనుండి బ్రిటిషు యుద్ధనౌకపై తిరిగివచ్చెను. ఆ నౌకతో తట్టు దిగినది. సుమారు 40,000 మంది కొలది నెలలలో మరణించిరి. 1903 మొదలు చెన్నపట్టణపు రేవునుండి మన తెలుగు కూలీలను కొనిపోయిన ఫిజీ ఇదియే.

1918 నవంబరు 7వ తేదీని టలూన్ అను ఓడ ఆక్లండునుండి సమోవాలోని ఏపియా రేవు చేరెను. ఆక్లండున ఇన్‌ఫ్లూయెంజా ప్రబలియున్నదని ఏపియాకు ముందుగా తెలిపినవారు లేరు. రోగులు దిగిరి. న్యూజిలాండు పాలనలోనున్న పశ్చిమ సమోవాలో అయిదింట నొకవంతు జనము, సుమారు 8,500 మంది, నశించిరి. నూరు మైళ్లలోపలనున్న అమెరికను సమోవాలో ఒక్కరును చావలేదు! గాలి యొకటే, జాతి యొకటే. అచ్చటి గవర్నరు పోయరు వార్త విని రేవు మూసెను. ఇచ్చటి పాలకుడు కర్నల్ లోగను మూయలేదు. పైగా పోయరు పంపుదునన్న వైద్యసహాయమునుగూడ స్వీకరింపలేదు. దీనికి న్యూజిలాండు ప్రధాని హెలెన్ క్లార్కు ఏపియాకు పోయి క్షమాపణ చెప్పినది 2002లో. ఎనుబదినాలుగేండ్లకు!

స్వరాజ్యము వచ్చినపిదప ఏమైనదని ప్రతిపక్షులడుగుదురు. అడుగవలసినదే. 2019లో ఆక్లండున ప్రబలిన తట్టు సమోవా చేరి 83 మందిని పొట్టనబెట్టుకొనెను. వారిలో చాలమంది అయిదేండ్లలోపు శిశువులు. అప్పుడు వార్త లేకపోలేదు, టీకాలు లేకపోయెను. అంతకు ముందటియేడు మందు కలుపుటలో జరిగిన పొరపాటున ఇద్దఱు పసివాండ్రు మరణింపగా, ప్రభుత్వము టీకాలను నెలలతరబడి నిలిపివేసెను. తల్లుల నమ్మకము విరిగెను. ఈ దోషము సమోవా ప్రభుత్వముది. దానిని కప్పిపుచ్చుటకు మేము వకాల్తు పుచ్చుకొనలేదు. టోంగాకును ఫిజీకిని అదే సమయమున తట్టు వచ్చినది. అచ్చట టీకాలుండుటచే ఒక్కరును చావలేదు.

1996లో పసిఫిక్ దీవులు ప్రజారోగ్య పరిశీలనకు ఒక ఉమ్మడి సంఘమును నెలకొల్పుకొనెను. 2010 మొదలు అచ్చటి వైద్యులు ప్రయోగశాల తీర్పుకై వేచియుండక, జ్వరముతో దద్దురు ఎందఱికి, విరేచనములు ఎందఱికి అని వారమువారము లెక్క పంపుచున్నారు. లెక్క హెచ్చగనే హెచ్చరిక పోవును. చక్కని పద్ధతియే. కాని ఆ లెక్క వ్రాయవలసిన నర్సు, జీతమెక్కువ దొరకునని సిడ్నీకో ఆక్లండుకో వలసపోయినచో, పట్టికలో గడి ఖాళీగా నుండును. దూరమునుండి చూచువానికి ఖాళీగడి ఆరోగ్యమువలెనే కనబడును!

రెండులక్షల జనమునకు ఇంత వ్యయమా యని గొణుగువారికి మా ప్రత్యుత్తర మొక్కటే: రోగము ఏ రేవున ఓడ యెక్కినదో ఆ రేవు గల దేశమే ఆ నర్సుల జీతమును, ఆ ప్రయోగశాలల ఖర్చును ఇచ్చుకొనవలెను. తమ దేశములోనికి వచ్చువాని పెట్టెలో చెప్పక తెచ్చిన పండు ఒక్కటి దొరకినను జుల్మానా వేయు న్యూజిలాండువారు, 2019లో ఏపియాకు విమానమెక్కువానిని తట్టు టీకా లేదని ఆపలేదు.