జర్మనీ అమరోక్ మేలా, మన హైలక్సే మేలా?

ఈ శీర్షికకు ఉత్తరాలు ఎక్కువగా దమ్మాం, దుబాయ్, కువైట్ క్యాంపుల నుంచి వస్తుంటాయి. ఈసారి జర్మనీ నుంచి ఒకటి వచ్చింది. రాసినాయనది నిజామాబాద్ జిల్లా. తొమ్మిదేళ్ళు సౌదీలో కంపెనీ హైలక్స్ తోలి, ఇప్పుడు హానోవర్ దగ్గర తోటపని చేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. అక్కడా కంపెనీ ఇచ్చిన గదిలోనే, నలుగురితో కలిసి ఉంటున్నాడు. ఆయన అడిగింది ఇదీ:

"అన్నా, మా సేటు కొత్త పికప్ కొంటానంటున్నాడు. కొత్తగా మార్చిన అమరోక్ మీద మనసు పడ్డాడు. రేంజర్, హైలక్స్, డీ-మాక్స్ కూడా చూస్తున్నాడు. తోలేది నువ్వే కదా, నువ్వు చెప్పు అంటున్నాడు. ఏం చెప్పమంటావు? మాకు చిన్న జేసీబీ ఒకటుంది, దాన్ని ట్రైలర్ మీద లాక్కుపోవాలి. నాకున్నది కారు లైసెన్సు."

చివరి వాక్యం ఆయన మామూలుగా రాసేశాడు గానీ, అసలు సంగతంతా అందులోనే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు బండ్ల సంగతి చూద్దాం.

అమరోక్ మీద ఫోక్స్‌వ్యాగన్ గుర్తు ఉంటుంది. జర్మనీలో జర్మనీ బండి కొంటున్నానని సేటుకు సంబరంగా ఉండొచ్చు. అయితే 2022 జులైలో చూపించి, 2023లో జర్మనీ షోరూముల్లోకి తెచ్చిన ఈ రెండో తరం అమరోక్ తయారయ్యేది దక్షిణాఫ్రికాలో, ప్రిటోరియా దగ్గర సిల్వర్టన్‌లో ఉన్న ఫోర్డ్ ఫ్యాక్టరీలో. ఫోర్డ్ రేంజర్ కూడా అక్కడే తయారవుతుంది. రెండింటికీ కింద ఛాసిస్ ఒకటే, ఇంజిన్లు ఫోర్డ్‌వే, పది గేర్ల ఆటోమేటిక్ కూడా ఫోర్డ్‌దే. ముఖం, లోపలి డ్యాష్‌బోర్డు, సీట్లు మాత్రం ఫోక్స్‌వ్యాగన్ వేరుగా చేసుకుంది. 2010లో వచ్చిన మొదటి అమరోక్ అలా కాదు. అది పూర్తిగా ఫోక్స్‌వ్యాగన్ సొంత బండి. మొదట అర్జెంటీనాలో, 2012 నుంచి హానోవర్‌లో కూడా తయారైంది. మన తమ్ముడు పనిచేసే ఊరి పక్కనే అన్నమాట.

ఇంకో తమాషా ఉంది. 1989 నుంచి 1997 దాకా ఫోక్స్‌వ్యాగన్ 'టారో' అనే పికప్ అమ్మింది. అది ఏమిటో తెలుసా? మన టయోటా హైలక్సే! టయోటా అనుమతితో అదే హానోవర్ ఫ్యాక్టరీలో చేసి, ముందర తమ గుర్తు పెట్టి అమ్మారు. అంటే ఒకప్పుడు టయోటాకు జర్మనీ పేరు, ఇప్పుడు ఫోర్డ్‌కు జర్మనీ పేరు.

మెర్సిడెస్ వాళ్ళూ ఇదే పని చేశారు. 2017లో ఎక్స్-క్లాస్ అని పికప్ తెచ్చారు. అది నిస్సాన్ నవారా మీద కట్టిన బండి. స్పెయిన్‌లో నిస్సాన్ ఫ్యాక్టరీలోనే తయారైంది. మెర్సిడెస్ ధరకు నిస్సాన్ ఎందుకని జనం పెద్దగా కొనలేదు. 2020లో ఆపేశారు. ఆ మరుసటి ఏడాది నవారా కూడా యూరప్‌లో ఆగిపోయింది. మిత్సుబిషి ఎల్-200 కూడా అప్పుడే వెళ్ళిపోయింది. ఈ మూడింటిలో ఏదైనా సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతోందని ఎవరైనా సేటుకు చెబితే, సామాన్లు ఎక్కడ దొరుకుతాయో, ఎన్ని రోజుల్లో వస్తాయో ముందు అడగమనండి.

ఇక పోటీ. కొత్త అమరోక్ పొడవు 5.35 మీటర్లు, పాతదాని కన్నా పది సెంటీమీటర్లు ఎక్కువ. పాతది అర మీటరు నీళ్ళలో దిగేది, ఇది 80 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. రెండు లీటర్ల డీజిల్ 170 గుర్రాలతో ఒకటి, 205 గుర్రాలతో ఒకటి, ఆ పైన మూడు లీటర్ల వి-6 డీజిల్ 240 గుర్రాలతో ఉన్నాయి. రేంజర్‌లోనూ దాదాపు ఇవే. హైలక్స్‌లో 2.4 లీటర్లది 150 గుర్రాలు, 2.8 లీటర్లది 204. డీ-మాక్స్ 1.9 లీటర్ల ఇంజిన్‌తో వచ్చింది. చిన్న ఇంజినే అయినా ఇదీ మూడున్నర టన్నుల ట్రైలర్ లాగుతుంది. బ్రేకులున్న ట్రైలర్ అయితే నాలుగు బండ్లూ అంత లాగగలవు, హైలక్స్‌లో 2.8 ఇంజిన్ లెక్కన. కాబట్టి బ్రోచర్‌లో ఈ అంకె చూసి ఎంచుకోవడానికి ఏమీ లేదు. హైలక్స్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. 2025 నవంబరులో టయోటా తొమ్మిదో తరం హైలక్స్‌ను బయటపెట్టింది. షోరూములో చూపించేది పాత తరమా, కొత్త తరమా అడగాలి. పాతదైతే ధర తగ్గించమని అడగడానికి అదే సందు.

సీటులో కూర్చుంటే తేడా తెలుస్తుంది. అమరోక్, రేంజర్ కారులాగా ఉంటాయి. హైలక్స్ వెనక బరువు లేకపోతే ఎగిరెగిరి పడుతుందని సౌదీ రోడ్ల మీద తోలిన మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ సీటు మెత్తగా ఉందని పనిబండి కొనరు కదా.

పని కోసమైతే నేను చూసేది వెనక డబ్బా. జర్మనీలో సామాను ప్యాలెట్ల మీద వస్తుంది. యూరో ప్యాలెట్ 120 సెంటీమీటర్లు పొడవు, 80 వెడల్పు. అమరోక్, రేంజర్ డబ్బాల్లో రెండు చక్రాల గూళ్ళ మధ్య ప్యాలెట్ అడ్డంగా కూర్చుంటుంది. 2015లో వచ్చిన తరం హైలక్స్‌లో కూర్చోదు, నిలువుగా పెట్టాలి. డబుల్ క్యాబిన్ డబ్బా పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. అడ్డంగా పెడితే 70 సెంటీమీటర్లు మిగిలి పారలు, మిషన్లు పెట్టుకోవచ్చు. నిలువుగా పెడితే మూరెడు కూడా మిగలదు. రోజూ ప్యాలెట్లు ఎత్తే కంపెనీకి ఇది పెద్ద తేడానే.

అయితే అమరోక్ జర్మనీలో డబుల్ క్యాబిన్ మాత్రమే. రేంజర్, హైలక్స్, డీ-మాక్స్ సింగిల్ క్యాబిన్‌లో, వెనక చిన్న సీటున్న క్యాబిన్‌లో కూడా వచ్చాయి. పనికి వెళ్ళేది ఇద్దరే అయితే సింగిల్ క్యాబిన్‌కు మించింది లేదు. డబ్బా రెండు మీటర్లు దాటుతుంది. బండి బరువు తగ్గి, లోడు కాస్త ఎక్కువ వేసుకోవచ్చు.

ఈ లోడు లెక్క ప్రతి డ్రైవరూ నేర్చుకోవాలి. గల్ఫ్‌లో ఫోర్‌మన్ "ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి" అంటాడు, స్ప్రింగు కిందికి వంగితే ఆపుతాం. జర్మనీలో పోలీసు తూకం వేస్తాడు. అక్కడ రిజిస్ట్రేషన్ కాగితంలో గళ్ళకు అక్షరాలు ఉంటాయి. 'ఎఫ్.2' అన్న గడిలో బండి, లోడు అన్నీ కలిపి రోడ్డు మీద ఉండదగ్గ బరువు ఉంటుంది. 'జి' అన్న గడిలో ఖాళీ బండి బరువు ఉంటుంది, డ్రైవరు కింద 75 కిలోలు అందులోనే కలిపేసి ఉంటుంది. మొదటిదాన్నుంచి రెండోది తీసేస్తే మిగిలేదే మీ లోడు.

ఉదాహరణకు ఎఫ్.2లో 3,230, జిలో 2,300 ఉన్నాయనుకోండి. మిగిలేది 930 కిలోలు. పక్కన ఇద్దరు కూర్చుంటే 160 పోయింది. పనిముట్లు 150. ట్రైలర్ కొక్కెం మీద పడే బరువు కూడా బండి లోడులోకే వస్తుంది, అది 110 అనుకుందాం. ఇక మిగిలింది 510 కిలోలు. అక్కడ సిమెంటు బస్తా 25 కిలోలే, కాబట్టి ఇరవై బస్తాలు. తడి మట్టి ఘనమీటరు ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. డబ్బా సగానికి మట్టి నింపితే చాలు, లెక్క దాటిపోయినట్టే!

దాటితే ఏమవుతుంది? ఇలాంటి బండికి పది శాతం మించితే 30 యూరోలు. ఇరవై శాతం మించితే 95 యూరోలు, పైగా లైసెన్సు మీద ఒక పాయింటు. ఎనిమిది పాయింట్లయితే లైసెన్సు పోతుంది. ఈ జరిమానా, పాయింటు పడేది స్టీరింగు పట్టుకున్నవాడి మీద. సేటు లోడు వేయమన్నాడు కదా అంటే పోలీసు వినడు. సేటు మీద వేరే కేసు పెడతాడు గానీ మిమ్మల్ని వదలడు.

ఇప్పుడు తమ్ముడి కారు లైసెన్సు సంగతి. అది 'బి' తరగతి. మూడున్నర టన్నుల లోపు బండి తోలొచ్చు, కాబట్టి నాలుగు పికప్‌లలో ఏదైనా తోలొచ్చు. వెనక 750 కిలోల లోపు చిన్న ట్రైలర్ కట్టుకున్నా ఫరవాలేదు. అంతకన్నా పెద్ద ట్రైలరైతే బండి, ట్రైలర్ రెండింటి అనుమతి బరువులూ కలిపి మూడున్నర టన్నులు దాటకూడదు. చిన్న జేసీబీ ఎక్కించే ట్రైలర్‌కు 2,700 కిలోల అనుమతి ఉందనుకోండి. పికప్ 3,230తో కలిస్తే ఆరు టన్నులకు దగ్గర. 'బి' లైసెన్సుతో అది లాగితే జరిమానాతో పోయే తప్పు కాదు, లైసెన్సు లేకుండా తోలినట్టు. అది క్రిమినల్ నేరం, ఏడాది దాకా జైలు వేసే వీలుంది. తెలిసీ తోలనిచ్చిన యజమాని మీదా కేసే. పరాయి దేశంలో వీసా పొడిగించుకోవాల్సిన మనిషికి ఇలాంటి కేసు ఎంత చేటో వేరే చెప్పాలా?

ట్రైలర్ ఖాళీగా ఉంది కదా అనుకోవద్దు. లైసెన్సు లెక్కకు చూసేది కాగితం మీది అనుమతి బరువు, దానిమీద అప్పుడు ఏముందన్నది కాదు.

దారి ఉంది. 'బి-96' అని ఒక రోజు శిక్షణ ఉంటుంది, పరీక్ష లేదు. అయితే రెండూ కలిపి 4,250 కిలోల దాకానే. ఈ పనికి చాలదు. కావాల్సింది 'బి-ఈ'. దానికి రాత పరీక్ష లేదు, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని తోలి చూపిస్తే చాలు. రాత పరీక్ష లేకపోవడం మనవాళ్ళకు ఎంత పెద్ద మేలో తెలుసా? జర్మనీలో మన ఇండియా లైసెన్సు, అక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల వరకే చెల్లుతుంది. తర్వాత రాత పరీక్ష, తోలే పరీక్ష రెండూ రాసి కొత్తది తెచ్చుకోవాలి. రాత పరీక్షకు ఇంగ్లీషు ఉంది, 2016 నుంచి అరబీ కూడా ఉంది గానీ, మనం క్యాంపులో మాట్లాడే అరబీ కాదు, పుస్తకాల అరబీ. "ఇండియా లైసెన్సు చాలు, జర్మనీలో డ్రైవరు ఉద్యోగం" అని లక్షలు అడిగే ఏజెంటు మీ క్యాంపుకు వస్తే ఈ పేరా చదివి వినిపించండి.

ట్రైలర్ కడితే ఇంకో రెండు లంపటాలున్నాయి. రెండూ కలిపి మూడున్నర టన్నులు దాటితే వ్యాపారానికి తోలే బండిలో టాకోగ్రాఫ్ మిషను ఉండాలి. చేతిపని చేసే కంపెనీ తన పనిముట్లు, సామాను తీసుకుని నూరు కిలోమీటర్ల లోపు తిరిగితే, డ్రైవింగే మీ ప్రధాన పని కాకపోతే, మినహాయింపు ఉంది. తోటపనికి అది సరిపోవచ్చు, సేటు ఒకసారి కనుక్కోవాలి. రెండోది, లారీ కింద రిజిస్టరైన పికప్‌కు ట్రైలర్ కట్టి, ఆదివారం రాత్రి పది దాకా వ్యాపారపు సరుకు తీసుకెళ్ళకూడదు. మనకు జుమ్మా సెలవులాగా అక్కడ రోడ్డుకే సెలవు.

ఇన్ని చెప్పి నా మాట చెప్పకపోతే బాగుండదు. ముగ్గురు నలుగురు కలిసి పనికి వెళ్తూ, ప్యాలెట్లు ఎత్తుతూ, వారానికి రెండుసార్లు జేసీబీ లాగే కంపెనీకి రేంజర్ రెండు లీటర్ల డీజిల్ సరిపోతుంది. అదే ఇనుముకు అమరోక్ పేరు కోసం ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదు. ధరలో తేడా లేకపోతే, ఫోక్స్‌వ్యాగన్ వర్క్‌షాపు దగ్గరగా ఉంటే అమరోక్ తీసుకోవచ్చు. పల్లెల్లో, దూరం తిరిగే కంపెనీ పది పన్నెండేళ్ళు ఉంచుకునేటట్టయితే హైలక్స్. డబ్బు తక్కువైతే డీ-మాక్స్ సింగిల్ క్యాబిన్, అందులో సిగ్గుపడేదేమీ లేదు. రోజంతా ఊళ్ళోనే నాలుగేసి కిలోమీటర్లు తిరిగే పనైతే మాత్రం ఏ కొత్త డీజిలైనా పొగ ఫిల్టరు మూసుకుపోయి తిప్పలు పెడుతుంది. వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట తోలాలి.

నిజానికి మట్టి, రాళ్ళు మోయడానికి పికప్ కన్నా మన డైనా లాంటి, పక్క తలుపులు దించే చిన్న లారీ మేలు. డబ్బా కిందికి ఉంటుంది, నడుము నొప్పి ఉండదు. జర్మనీ తోటపనివాళ్ళు చాలామంది వాడేది అలాంటివే. సేటుకు పికప్ మీద మోజుంటే ఎవరేం చేస్తారు!

ఊళ్ళో బండి కొనుక్కోవాలని గల్ఫ్‌లో కూడబెడుతున్నవాళ్ళకూ ఇదే లెక్క పనికొస్తుంది. బొలేరో పికప్ అయినా ఇంకేదైనా ఆర్‌సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ ఉంటాయి. 2019లో చట్టం మార్చాక ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు ఇంకో 2,000. లైసెన్సు విషయంలో మాత్రం 2024 నవంబరులో సుప్రీంకోర్టు మంచిమాట చెప్పింది: లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు సరుకు బండి కూడా తోలొచ్చు.

తమ్ముడు షోరూముకు వెళ్ళేటప్పుడు ట్రైలర్ కాగితం జేబులో పెట్టుకోవాలి. రాసి ఉన్న ధర 19 శాతం పన్ను కలిపిందా, కలపనిదా అడగాలి, వ్యాపారపు బండ్లకు చాలాసార్లు కలపకుండానే రాస్తారు. ఇక 'బి-ఈ' ఫీజు ఎవరు కడతారో బండి బుక్ చేయకముందే సేటుతో తేల్చుకోవాలి, బండి వచ్చాక అడిగితే "ఇన్నాళ్ళూ తోలావుగా" అంటాడు.