కోటరుకీ బీరుకీ ఒకే జుల్మానానా?



పోయిన నెల కూటంలో ఒక తీర్మానం వచ్చింది. సంఘం సభ్యుడు ఎక్కడ మందు తాగి దొరికినా వెయ్యి రూపాయల జుల్మానా, రెండోసారి దొరికితే పేరు కొట్టేయడం. చేతులెత్తినవాళ్లలో మేము ముగ్గురమూ ఉన్నాం. ఇంటికి వచ్చినాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే నెలలో ఒకటి రెండు ఆదివారాలు, రాగిచేను పని ముగించుకొని, మిద్దె మీద కూచుని చల్లని తేలిక బీరు ఒకటి పంచుకొని తాగే అలవాటు మాకుంది. ఆ మాట దాచిపెట్టి చెయ్యెత్తినాం. అది తప్పు. అందుకే ఈ రాత.

మందు మంచిదని మేము అనడం లేదు. తాగనివాళ్లు తాగకుండానే ఉండండి, అదే మేలు. కానీ తేలిక బీరునూ కోటరునూ ఒకే గాటన కట్టే తీర్మానం వల్ల మేలు జరిగేది కోటరుకే. ఎట్లా అంటారా, చెప్తాం.

మాలో ఒకరి కొడుకు అమెరికాలో ఉన్నాడు. పోయినేడు ఆయన అక్కడ రెండు నెలలుండి వచ్చినాడు. అక్కడ పని దిగిన మేస్త్రీలు, లారీ డ్రైవర్లు తాగేది పలచటి, చవకైన లాగర్ బీరట. చేదు తక్కువ, రంగు లేత పసుపు, మంచులాగా చల్లగా ఉంటే చాలు. బీరు తెలిసినవాళ్లు దాన్ని "నీళ్లు" అని వెక్కిరిస్తారు. ఆ నీళ్లగుణమే దాని గొప్పతనమని మా లెక్క. ఉడకబెట్టిన చెనక్కాయలతో గంటసేపు మెల్లగా తాగొచ్చు. తాగినాక కూడా మాట తడబడదు, రాత్రి సంగటి రుచి తెలుస్తుంది.

ఆ తేలికదనం వెనక ఒక కథ ఉంది. 1800ల నడుమ అమెరికాకు వలసపోయిన జర్మనీవాళ్లు అక్కడి బార్లీతో బీరు కాస్తే మడ్డిగా, బరువుగా వచ్చేది. ఆ గింజలో మాంసకృత్తులు ఎక్కువ. అందుకని కొంత బార్లీ తీసేసి మొక్కజొన్నో, బియ్యమో కలిపినారు. 1876లో మొదలైన బడ్వైజర్‌లో పడేది బియ్యమే. 1975లో దేశమంతా అమ్మకానికి వచ్చిన మిల్లర్ లైట్ దాన్ని ఇంకా పలచన చేసింది. దానిలో ఆల్కహాలు 4.2 శాతం.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 355 మిల్లీలీటర్ల అమెరికా లైట్ డబ్బాలో ఆల్కహాలు సుమారు 15 మిల్లీలీటర్లు. మన 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసా 5 శాతమైతే 32. అదే సీసా 8 శాతం స్ట్రాంగైతే 52. ఇక 180 మిల్లీలీటర్ల కోటరు బ్రాందీలో 77. అంటే ఆ లైట్ డబ్బాలు అయిదు కలిపితే మన ఒక కోటరు. తీర్మానం మాత్రం రెంటికీ వెయ్యి రూపాయలే అంటోంది.

కూలి చేతికొచ్చిన మనిషి అంగడి ముందు నిలబడి వేసే లెక్క వేరు. కోటరు ధర, పెద్ద బీరు సీసా ధర దాదాపు ఒకే దరిదాపులో ఉంటాయి. అదే డబ్బుకు కోటరులో మత్తు రెండింతలు పైనే. ఎవడైనా దేనికి చెయ్యి చాస్తాడు? బీరులోనూ మన దేశంలో ఎక్కువ అమ్ముడుపోయేది స్ట్రాంగే. తేలికది కావాలంటే ఎక్కువ డబ్బు పెట్టాలి. అక్కడ పలచటి బీరు పేదవాడిది, ఇక్కడ అది ఉద్యోగస్తుడిది. సంఘం కూడా రెంటికీ ఒకే జుల్మానా వేస్తే, "ఎట్లాగూ వెయ్యి కట్టాల్సిందే, గట్టిదే తాగుదాం" అంటాడు. దాచుకొని తాగేవాడు గబగబా తాగుతాడు. గబగబా తాగేదానికి పనికొచ్చేది కోటరే.

మద్యనిషేధం ముచ్చట మన నేలకు కొత్త కాదు. హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు, 1937 అక్టోబర్ 1న నిషేధాన్ని మొదట పెట్టింది సేలం జిల్లాలోనే. అప్పుడు మన వైపంతా ఆ జిల్లాలోదే. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను తెచ్చినారు. ఆ తర్వాత నిషేధం ఎత్తేసినారు, పెట్టినారు, మళ్లీ ఎత్తేసినారు. 1987 నుంచి కల్లు లేదు. ఈచచెట్టు కిందికి దిగిన తేలిక తాగుడు పోయింది, సీసాలో గట్టిది మిగిలింది. 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా టాస్మాక్ చేతిలోకే వచ్చింది.

అమెరికాలోనూ 1920 నుంచి 1933 దాకా నిషేధమే. ఎత్తేసేటప్పుడు వాళ్లు ఒక వరస పాటించినారు. 1933 ఏప్రిల్‌లో బరువులో 3.2 శాతానికి మించని బీరును మొదట వదిలినారు. బ్రాందీ, విస్కీలకు డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. తేలికదానికి ఒక దారి, గట్టిదానికి ఇంకో దారి. మనం నేర్చుకోవాల్సింది ఆ తేడానే.

మా ఇంటి ఆడవాళ్లకు ఈ రాత చదివి వినిపించినాం. ఒక అక్క అడిగింది: "మొదట బీరే అంటారు, ఆఖరికి కోటరుకే పోతారు. నా మొగుడు అట్లా పోయినవాడే కదా?" దానికి మా దగ్గర బదులు లేదు. కొందరికి మొదటి గుక్కే చేటు, వాళ్లకు తేలికదీ వద్దు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆల్కహాలులో ఏ కొంచెమూ క్షేమం కాదనింది. ఆ అక్క మాటనూ, ఈ మాటనూ పక్కన పెట్టి మేము మా ఆదివారం గురించి గొప్పలు చెప్పుకోలేం.

తేలికే కదా అని బండెక్కడం ఇంకో తప్పు. చట్టం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఒక్క పెద్ద సీసా తాగితే మనలో చాలామంది ఆ హద్దు దాటేస్తాం. డెంకణికోట నుంచి అంచెట్టికి వచ్చే అడవిదారి మలుపుల్లో ఏనుగు అడ్డం వస్తే, తాగింది తేలికదా గట్టిదా అని అది అడగదు. సీసాలు అడవిలో విసిరేస్తే పగిలిన గాజు దాని కాళ్లలోనే దిగుతుంది. నీలగిరిలో హైకోర్టు మాట మీద 2022 నుంచి సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకొని, ఖాళీ సీసా తెస్తే వెనక్కిస్తున్నారు. ఆ పద్ధతి నచ్చి, మేము మా సీసాలన్నీ ఇంటికే తెచ్చుకుంటున్నాం.

అందుకని పెద్దలను అడిగేది మూడు మాటలు. ఒకటి, సంఘం పండగల్లో, పిల్లల ముందర ఏదీ వద్దు, బీరు కూడా వద్దు. రెండు, జుల్మానా వేసేది తాగి బండి తోలినవాడికి, ఇంట్లో చెయ్యెత్తినవాడికి, కూలి డబ్బు తాగి పిల్లలను పస్తు పెట్టినవాడికి. వాళ్లకు వెయ్యి కాదు, అయిదు వేలు వేయండి. మూడు, మత్తు ఎంతో ధర అంత ఉండాలని, తేలిక బీరు చిన్న సీసా కోటరు కన్నా బాగా చవకగా దొరకాలని సర్కారుకు సంఘం పేరుతో ఒక అర్జీ పెడదాం. రాసే పని మేము చేస్తాం.

తీర్మానం ఉన్నట్టే ఉండనిద్దాం అంటే, మొదటి జుల్మానా మా ముగ్గురిదే. మూడు వేలు కోశాధికారి అన్న చేతికి ఇచ్చి రసీదు తీసుకుంటాం. వచ్చే కూటంలో మాత్రం ఈసారి నిజం చెప్పి చెయ్యెత్తుతాం.