హాజరుకు పనికొచ్చిన ఫోన్ పాఠానికి పనికిరాదా?

తల్లిదండ్రులారా, తోటి ఉపాధ్యాయులారా,

పోయిన వారం మన మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల టీచరమ్మకు మెమో ఇచ్చారు. తరగతి గదిలో ఆమె చేతిలో సెల్‌ఫోన్ ఉందట! ఉంది, నిజమే. నాలుగో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ ఒక పేరా చదువుతుంటే రికార్డు చేసి, వాళ్ళ గొంతు వాళ్ళకే వినిపిస్తోంది. వెనక వరస దాకా వినబడాలని ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టింది. బడికి స్పీకర్ ఎవరిచ్చారు గనక! "కష్టం" అన్న మాటను "కషటం" అని చదివిన పిల్లాడు తన గొంతు తాను విని నాలుక కరుచుకున్నాడు. "మళ్ళీ చదువుతా టీచర్" అన్నాడు. తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలో అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే.

అదే రోజు పొద్దున ఆమె అదే ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసుకుంది. సిగ్నల్ అందక మెట్లెక్కి డాబా మీదికి పోయింది. పిల్లల హాజరు, భోజనం తిన్నవాళ్ళ లెక్క, గుడ్ల లెక్క అన్నీ అందులోంచే పంపింది. ఫోన్ ఆమెది. నెలనెలా రీచార్జి ఆమె జీతంలోంచే. గుడ్ల లెక్కకు పనికొచ్చిన ఫోన్ ఒత్తులు దిద్దడానికి ఎందుకు పనికిరాదో మెమో రాసినవారే చెప్పాలి.

పాఠానికి ఇలాంటి యంత్రాలు వాడుకోవడం మన బడికి కొత్తేమీ కాదు. 1975లో ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందుకున్న ఆరు రాష్ట్రాల పల్లెల్లో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఇంట్లో టీవీ ఎరగని పిల్లలు ఊరి టీవీ ముందు కూర్చుని నేర్చుకున్నారు. 2020లో బడులకు తాళాలు పడ్డప్పుడు సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చాయి, మిగతా బడినంతా టీచర్ల వాట్సాప్ గ్రూపులే నడిపాయి. అప్పుడు ఫోన్ పక్కన పెట్టమని ఒక్కరూ అనలేదే!

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. ఏడాది తిరక్కుండానే, 2023 ఆగస్టులో, బడిలో సెల్‌ఫోన్లు నిషేధమన్నారు. టీచర్లు తరగతికి వెళ్ళేముందు ఫోన్ హెడ్మాస్టరుకు అప్పగించాలన్నారు. యునెస్కో నివేదికను చూపించారు. చదువుకు పనికొచ్చే చోటే వాడాలన్నది ఆ నివేదిక సారం. ఆ టీచరమ్మ చేసింది అదే కదా! సర్కారు అచ్చువేసిన పాఠ్యపుస్తకాల్లోనే క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్ హెడ్మాస్టరు బీరువాలో ఉంటే దాన్ని దేంతో స్కాన్ చేయాలి, వేలితోనా?

ఇక మొహమాటం అనవసరం. టెండరు పిలిచి కొన్నదైతే టెక్నాలజీ, టీచరు జేబులో ఉన్నదైతే క్రమశిక్షణ ఉల్లంఘన! గోడకు బిగించిన పెద్ద తెర పాడైతే బాగుచేసే మనిషి కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న బడి మన పక్క ఊళ్ళోనే ఉంది. దానికి దుప్పటి కప్పారు. దాని గురించి ఎవరికీ మెమో రాలేదు. సైన్సు పాఠంలో కంటికి కనబడని పరారుణ కిరణాలు చూపించడానికి ఆ తెర అక్కర్లేదు. టీవీ రిమోట్‌ను ఫోన్ ముందు కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కితే చాలు, చాలా ఫోన్లలో రిమోట్ కొసన వెలుగు మిణుకుమంటూ కనబడుతుంది. పైసా ఖర్చు లేదు. అందుకే కాబోలు, ఎవరికీ పట్టదు.

పిల్లలు చెడిపోతారట. ఫోన్ పిల్లల చేతికివ్వమని ఎవరడిగారు? టీచర్లు కబుర్లాడుకుంటారట. ఆడుకున్నవాళ్ళ మీద చర్య తీసుకోండి, అడ్డం వచ్చేదెవరు?

ఈ నెల పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశానికి పనులు మానుకునైనా రండి. ఆ మెమో వెనక్కి తీసుకోవాలని, పాఠం కోసం టీచరు ఫోన్ వాడుకోవచ్చని రాతపూర్వకంగా ఇవ్వాలని, బడికి సొంతంగా ఒక ఫోనూ ఒక చిన్న స్పీకరూ కొనివ్వాలని తీర్మానం రాయించండి. యాప్‌లలో లెక్కలు ఎక్కించే పని పాఠం వేళలో పెట్టకూడదని కూడా చేర్చండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి. నకలు బడిలో ఉంచి, అసలు కాగితం మండల విద్యాశాఖ కార్యాలయానికి మనమే పట్టుకెళదాం. అందినట్టు ముద్ర వేయించుకోకుండా ఎవరూ అక్కణ్ణుంచి కదలొద్దు.