గృహరక్షణము: అకారణముగా మ్రోగెడి పొగగంట

"నిప్పు లేనిదే పొగ రాదు" అను సామెత మన యిండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. పట్టణములలోని అంతస్తుల మేడలయందు ఇంటికప్పునకు బిగించెడి స్మోక్ డిటెక్టరు అను పొగగంటకు తెలిసిన శాస్త్రమంతయు ఈ యొక్క సామెతయే. పొగ తగిలిన తోడనే అది నిప్పు గలదని నిశ్చయించి కేకవేయును. ఆ పొగ యిల్లు కాలుటవలన వచ్చినదో, తాలింపు మాడుటవలన వచ్చినదో విచారించు శక్తి దానికి లేదు. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమునందు కొండమీది పొగను జూచి అచ్చట నిప్పున్నదని యూహించుట ప్రసిద్ధమైన యుదాహరణము. అయితే ఆవిరినో మంచునో చూచి పొగయని భ్రమించినచో ఆ యూహ చెడునని తార్కికులు హెచ్చరింతురు. మన యంత్రము తరచుగా పడెడి పొరపాటు సరిగా ఇదియే.

దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు పల్లెలలో ఈ గంట గల యిండ్లు అరుదు. మనకేల ఈ విషయమని సోదరీమణులు కొందరనవచ్చును. కాని మన బిడ్డలు హైదరాబాదు, చెన్నపట్నము, బెంగుళూరు మేడలలోను, అమెరికా దేశమునందును కాపురములు చేయుచున్నారు. పురుళ్లకును పుణ్యములకును అచ్చటికి వెళ్లు తల్లులు, మిరపకాయలు నూనెలో వేసినంతనే గంట మ్రోగుటయు, ఇల్లెల్ల కలవరపడుటయు ఎరిగినవారే.

మన జిల్లాలోనే జరిగిన సంగతి యొకటి గలదు. 2023 ఆగస్టు 9వ తేదీన తిరుపతి నుండి సికింద్రాబాదునకు పోవు వందే భారత్ రైలులో టిక్కెట్టు లేని ప్రయాణికుడొకడు మరుగుదొడ్డిలో తలుపు వేసికొని పొగత్రాగెను. రైలు గూడూరు దాటిన పిమ్మట గంట మ్రోగెను. మంటలనార్పు మందు దానంతటదియే చిమ్మెను. పెట్టెలోనివారు భయపడి రైలు సిబ్బందికి తెలుపగా, బండి మనుబోలు వద్ద నిలిచెను. పోలీసులు మరుగుదొడ్డి కిటికీ యద్దము పగులగొట్టి చూడగా లోపల మనుష్యుడు మాత్రము కనబడెను. ఇందు యంత్రము చేసిన తప్పు లేదు. పొగ నిజముగా నుండెను, అగ్నిప్రమాదము మాత్రము లేదు. ఇండ్లలోని వృథాగంటలలో చాలవరకు ఈ కోవకు చెందినవే.

వృథాగంటవలని అసలైన కీడు చెవులకు గలుగు బాధ కాదు. హితోపదేశమునందు చాకలివాని గాడిద కథ మీరు చదివియుందురు. దొంగ యింట జొరబడగా కుక్క మొరగక యూరకుండెను. గాడిద ఓండ్రపెట్టి యజమానుని లేపెను. నిద్ర చెడిన కోపమున అతడు లేచి, దొంగను వెదకక, గాడిదను చావగొట్టెను. కథకుడు చెప్పిన నీతి వేఱు. మనము తలంపవలసినది చాకలివాడు చేసిన పనిని. నాలుగుమారులు ఊరక మ్రోగినంతనే గంటలోని బ్యాటరీ నూడదీయువారును, దానికి ప్లాస్టిక్ సంచి కట్టువారును చేయునది అదియే. అమెరికాలో అగ్నిప్రమాదములను పరిశీలించినవారు, గంటలను జనులు నిలిపివేయుటకు ముఖ్యకారణము ఈ వృథాగంటలేయని తేల్చిరి.

2025 మే 18వ తేదీ ఉదయమున హైదరాబాదులో చార్మినారు చెంతనున్న గుల్జార్ హౌజు వద్ద ఒక యింట నిప్పంటుకొని 17 మంది మరణించిరి. అందు 8 మంది పిల్లలు. వారిలో పెక్కుమందిని పొట్టనబెట్టుకొన్నది మంట కాదు, పొగయే. నిద్రించువారిని పొగ మేలుకొలుపదు సరికదా, మఱింత మత్తులో ముంచును. అట్టివేళ లేపగలది ఈ గంటయే. కావున గంట నోరు మూయక, అది యేల మ్రోగినదో తెలిసికొని ఆ కారణమును తొలగించుట గృహిణి ధర్మము.

ఈ యంత్రములు ముఖ్యముగా రెండు విధములు. ఒకదానిలో చిన్న చీకటిగది యుండి, అందొక వెలుగురేఖ ప్రసరించుచుండును. పొగ లోపలికి పోగా ఆ వెలుగు చెదరి, ప్రక్కనున్న కనుపాపవంటి భాగముపై పడి గంట మ్రోగును. దుమ్ము చేరినను, చిన్న పురుగు దూరినను, స్నానపుగది ఆవిరి సోకినను ఆ వెలుగు అట్లే చెదరును. రెండవదానిలో అమెరీషియమను ధాతువు అణుమాత్రముండి, గాలిలో సన్నని విద్యుత్ప్రవాహమును నిలుపుచుండును. పొగ ఆ ప్రవాహమును తగ్గింపగా గంట మ్రోగును. బాణలిలో నూనె కాగునపుడు లేచెడి అతిసూక్ష్మమైన పొగకు ఈ రెండవది త్వరగా కేకవేయును. కావున వంటయింటికి సమీపమున మొదటి విధమే మేలు. వంటయింటిలోపల పొగగంటకు బదులు, వేడిమికి మాత్రమే మ్రోగు గంటను పెట్టించుట యుక్తము.

గంట యుండు చోటు పొయ్యికి 3 మీటర్లకు తక్కువ దూరమున నుండరాదు. స్నానపుగది తలుపు ప్రక్కను, ఫంకా క్రిందను, ఏసీ గాలి తగులు చోటను పెట్టింపరాదు. తాలింపు వేయుటకు ముందే పొగను బయటికి లాగు ఫంకాను త్రిప్పవలెను, కిటికీ తెరువవలెను. సాంబ్రాణి ధూపము, ఊదుబత్తులు, దోమలచుట్ట గంట క్రింద వెలిగింపరాదు. ఇంట హోమము చేయించునపుడు మేడ కావలివారికి ముందుగా తెలుపుట మంచిది. దోమలమందును గంటపై చిమ్మరాదు.

నెలకొకమారు మెత్తని కుంచెతో దాని పైదుమ్మును దులిపి, పరీక్షమీటను నొక్కి చూడవలెను, నీటితో కడుగరాదు. గోడలు గీకునపుడును సున్నము వేయించునపుడును దానిని కప్పినచో, ఆ సాయంకాలమే ఆ కప్పు తీసివేయవలెను. నిమిషమున కొకటి రెండుమారులు పిచ్చుక కూసినట్లు "కీచు" మన్నచో అది అగ్నిసూచన కాదు. బ్యాటరీ క్షీణించినదని యర్థము. వెంటనే క్రొత్తది వేయవలెను. గంటకును ఆయువు గలదు. వెనుకభాగమున ముద్రించిన తయారీ తేదీ నుండి 10 సంవత్సరములు గడచినచో దానిని మార్చవలెను. ముసలిదైన గంట ఊరక మ్రోగుటయు, మ్రోగవలసినపుడు మ్రోగకుండుటయు రెండును సంభవించును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్న పిమ్మట గంట మ్రోగినచో, "మాడిన తాలింపేలే" యని పడుకొనరాదు. కారణము కంటికి కనబడినచో కిటికీలు తెరచి, గంటను కొంతసేపు ఊరకుంచు మీటను నొక్కవచ్చును. కనబడనిచో నిప్పున్నదనియే యెంచి, పిల్లలను వృద్ధులను మెట్లమీదుగా వెలుపలికి గొనిపోవలెను; లిఫ్టు ఎక్కరాదు. పొగ క్రమ్మినచో నేలకు వంగి నడువవలెను, పొగ పైకి పోవును గదా. వెలుపలికి వచ్చిన పిదప 101కి గాని 112కి గాని ఫోను చేయవలెను. పదిమారులు వృథాగా లేచి చూచుటవలన పోవునది కొంత నిద్ర మాత్రమే.