రాకెట్‌కి ఎంతయితాది?

శ్రీహరికోటలో రాకెట్ లేచిందని టీవీలో చూసిన బడిపిల్లలు ‘మనం ఒకటి ఎగరేయొచ్చా? ఎంతయితాది?’ అని అడుగుతారు. ‘కూటికే కరువు, మీకు రాకెట్లా?’ అని నవ్వేవాళ్లు ఆదోనిలోనూ ఉన్నారు, ఎమ్మిగనూరులోనూ ఉన్నారు. మనం నవ్వొద్దు. లెక్క చెప్దాం.

పిల్లల రాకెట్ అమెరికాలో పుట్టింది. నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల అంగడి నడుపుకునే ఓర్విల్ కార్లైల్ 1954లో దాన్ని తయారుచేశాడు. అట్టగొట్టం, తేలికచెక్క రెక్కలు, అడుగున నల్లమందు కూరిన మోటారు. ఎస్టెస్ కంపెనీ 1958 నుంచి ఈ సామాను అమ్ముతోంది. మొదలుపెట్టేవాళ్ల సెట్టు అక్కడి అంగట్లోనే మన డబ్బుల్లో మూడు వేలకు అటూ ఇటూ ఉంటాది. మన రాష్ట్రంలో 2024-25లో ఉపాధి కూలి రోజుకు 300 రూపాయలు. అంటే పది దినాల కూలి. అంతటితో తీరదు. మోటారు ఒక్కసారే మండుతాది. ఎగరేసినప్పుడల్లా కొత్తది కొనాల.

పోనీ, మందు మనమే కలుపుకుందామా? వద్దే వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు, వేళ్లు పోతాయి, కళ్లు పోతాయి. లైసెన్సు లేకుండా పేలుడు సరుకు చేయడం నేరం కూడా. పైగా మనది నాటుబాంబులకు పేరుపడ్డ జిల్లా. పెద్దింటి పిల్లోడు మందు కలిపితే తెలివైనోడంటారు. మన గేరి పిల్లోడు కలిపితే ఏ కేసు రాస్తారో మనకు తెలియనిది కాదు.

అయితే దారి లేదా? ఉంది. నీళ్ల రాకెట్. గ్యాసు కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మంచినీళ్ల సీసా పలుచన, అది పనికిరాదు. గాజుది అసలే వద్దు. అట్టతో రెక్కలు అతికించండి. మూడోవంతు నీళ్లు పోసి, సైకిల్ ట్యూబు వాల్వు గుచ్చిన బిరడాను మూతికి బిగించండి. తలకిందులుగా నిలబెట్టి, దూరంగా నిలబడి పంపు కొట్టండి. గాలి ఒత్తిడికి బిరడా ఊడతాది, నీళ్లు కిందికి దూకుతాయి, సీసా పైకి లేస్తాది. లేవకపోతే మొహం వంచి చూడొద్దు, దగ్గరికి పోవద్దు. శ్రీహరికోటలో పనిచేసేదీ ఈ సూత్రమే. అక్కడ నీళ్లకు బదులు మండిన వాయువు. పంపు ఒక్కటి ఊరి పిల్లలందరికీ చాలు. అది సైకిల్ షాపులో అడిగితే గంటసేపు ఊరికే ఇస్తారు.

ఇది పిల్లాట, రాకెట్ కాదనేవాళ్లకు ఒక మాట. 1963 నవంబర్ 21న కేరళ తుంబాలో మన దేశం ఎగరేసిన మొదటి రాకెట్ సొంతది కాదు, అమెరికా ఇచ్చింది. ఆ రోజుల్లో తుంబాలో రాకెట్ భాగాలను సైకిళ్ల మీద మోశారు. దేశమే సైకిల్‌తో మొదలుపెట్టినప్పుడు మన పిల్లలు సైకిల్ పంపుతో మొదలుపెడితే చిన్నతనమేముంది?

రాకెట్లు మనకు కొత్తా కాదు. 1786లో ఆదోని కోటను పట్టిన టిప్పు సైన్యంలో ఇనుపగొట్టాల రాకెట్లుండేవి. ఇంగ్లండుకు పట్టుకుపోయిన రెండింటిని చూస్తే, గొట్టాన్ని ఒకదానిలో వెదురుకర్రకు, ఇంకోదానిలో కత్తికి తోలు పట్టీలతో కట్టారు. తోలుపని ఈ నేలమీద ఎవరి నెత్తిన పెట్టారో చెప్పాలా? పేరు రాజుకు దక్కింది. పనిచేసిన చేతుల పేరు ఎవరూ రాయలేదు.

ఇక అసలు ఖర్చుకు వద్దాం. దీపావళి దాటితే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ఊళ్ల నుంచి మనవాళ్లు మిరపకోతకు, పత్తికి గుంటూరు దిక్కు మూటలు కడతారు. పిల్లలూ వెంట పోతారు. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ‘యువిక’ అని రెండు వారాల శిబిరం పెడుతోంది. దారిఖర్చు, తిండి, బస అన్నీ వాళ్లవే. పల్లె బడి పిల్లలకు అదనపు మార్కులూ ఉన్నాయి. అయితే 2024లో ఆ దరఖాస్తుల గడువు ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 దాకా. కంప్యూటర్‌లోనే పెట్టాల. అప్పుడు మన పిల్లలు ఎక్కడుంటారు? మిరపచేలో! రాకెట్‌కు మనం కడుతున్న రేటు ఇదీ. సీసాకు పైసా కాదు, బడిదినాలు వందకు పైగా.

కాబట్టి సంఘాలు చేయాల్సిన పనులు మూడు.

ఒకటి: ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినం. 2023లో చంద్రయాన్-3 చందమామ మీద దిగిన రోజది. అప్పటికి వలస మొదలుకాదు, పిల్లలు ఊర్లోనే ఉంటారు. ప్రతి హైస్కూల్లో ఆ రోజు నీళ్ల రాకెట్ ఎగరేయమని హెడ్మాస్టరును అడగండి. పంపు ఆడపిల్లల చేతికీ రావాల.

రెండు: అటల్ టింకరింగ్ ల్యాబు కింద ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. మీ బడిలో అది ఉంటే పోయి చూడండి. తాళం పడి ఉంటే తీయించండి. మన పిల్లలు ఆ గది ఊడ్చడానికి కాదు, ఆ మిషన్ల మీద చేయి పెట్టడానికి పోవాల.

మూడు: వలస బండి కదలకముందే సీజనల్ హాస్టల్ తెరవాలని ఎంఈఓ ఆఫీసు ముందు కూర్చోండి. మీ ఊర్లో తొమ్మిదో తరగతి పిల్లల జాబితా ఇప్పుడే రాసి దగ్గర పెట్టుకోండి. తల్లిదండ్రులు గుంటూరులో ఉన్నా, పిల్ల దరఖాస్తు మాత్రం గడువులోగా పోవాల.