పుట్టకముందే బిడ్డ గుండెను చూడాల్సి వస్తే

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం, లండన్ దగ్గర ఉండే మాకు తెలిసిన అమ్మాయి ఫోన్ చేసింది. ఇరవయ్యో వారం స్కాన్‌లో బిడ్డ గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం ఒకచోట సన్నగా ఉందేమోనని అనుమానం వచ్చిందట. తర్వాత గుండె ఎకో చేసిన డాక్టరుగారు, ఇంకాస్త స్పష్టత కోసం ఎమ్మారై తీద్దామన్నారట.

"కడుపుతో ఉన్నప్పుడు ఎమ్మారై ఏమిటి ఆంటీ? బిడ్డకేమీ కాదా? అమ్మేమో ఏడో నెలలో విజయవాడ వచ్చెయ్యమంటోంది. టికెట్ కూడా కొన్నాం" అంది, ఒక్క గుక్కలో.

ఇన్నేళ్ళు పిల్లల వార్డులో పనిచేసినదాన్ని కాబట్టి తనకు చెప్పినవే ఈ నెల మీకూ చెబుతాను.

పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చాలావరకు చిన్నవే. వాటిని కనిపెట్టడానికి మొదటి సాధనం ఇప్పటికీ అల్ట్రాసౌండే. అయితే బిడ్డ పడుకున్న తీరు, ఉమ్మనీరు తక్కువ కావడం, తల్లి ఒళ్ళు వంటివి అడ్డొచ్చి ఒక్కోసారి బొమ్మ సరిగా రాదు. అలాంటప్పుడే, అదీ కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనే, ఎమ్మారై సాయం తీసుకుంటారు.

ఇందులో ఎక్స్‌రే ఉండదు, అయస్కాంతం, రేడియో తరంగాలే పనిచేస్తాయి. గడోలినియం ఇంజెక్షన్ కూడా ఇవ్వరు. ఇబ్బందల్లా బిడ్డతోనే. గుండె నిమిషానికి 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది, పైగా బిడ్డ కదులుతూ ఉంటుంది. అందుకని వేగంగా ఎన్నో పొరల బొమ్మలు తీసి, కదలికను కంప్యూటర్‌తో సరిచేసి ఒకటిగా కూరుస్తారు. కుదురుగా నిలబడని పిల్లాడికి వంద ఫోటోలు తీసి ఒక మంచి బొమ్మ తయారు చేసుకున్నట్టన్నమాట. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 85 మంది గర్భిణులతో చేసిన ఇలాంటి అధ్యయనం 2019లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది.

ఇంత శ్రమ ఎందుకంటే, కడుపులో ఉన్నంతకాలం డక్టస్ అనే చిన్న దారి బిడ్డను కాపాడుతుంది. పుట్టిన కొద్దిరోజుల్లో అది మూసుకుపోతుంది. పెద్ద నాళం నిజంగానే సన్నగా ఉంటే, అప్పటిదాకా చక్కగా పాలు తాగిన బిడ్డ ఇంటికి వెళ్ళాక హఠాత్తుగా నీరసించిపోవచ్చు. ముందే తెలిస్తే ప్రోస్టాగ్లాండిన్ మందుతో ఆ దారి తెరిచి ఉంచి, ఆపరేషన్‌కు సిద్ధం చేస్తారు. ఈ అనుమానం ఉత్తిదని తేలడమూ మామూలే. ఎమ్మారై చేసినా చివరిమాట పుట్టాక చేసే ఎకోదే.

అమ్మాయి అసలు బాధ చివర్లో బయటపడింది. "గ్రహణం రోజు బయట తిరిగావా అని అత్తయ్యగారు అడిగారు ఆంటీ."

లేదమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. నువ్వు తిన్నదీ తిరిగిందీ కారణం కాదు. తల్లికి షుగర్, కొన్ని మందులు, మేనరికం, ఇంట్లో ఇంకెవరికైనా గుండె లోపం ఉండటం లాంటివి అవకాశాన్ని పెంచుతాయి. అవి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పాలి. చాలామందిలో మాత్రం కారణమే దొరకదు.

ఇక పుట్టింటి కాన్పు. మన దగ్గరా పిల్లల గుండెకు ఆపరేషన్ చేసే మంచి డాక్టర్లున్నారు. కానీ మొదటినుంచీ చూస్తున్నవాళ్ళను వదిలి, నెలలు నిండుతున్నప్పుడు అంతదూరం ప్రయాణం చేసి, అక్కడ మళ్ళీ మొదలుపెట్టడం ఈ పరిస్థితిలో తెలివైన పని కాదు. కాన్పు ఎక్కడ, పుట్టగానే బిడ్డను ఎవరు చూస్తారు, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు? ఈ మూడూ కాగితం మీద రాసుకెళ్ళి అడగమన్నాను.

ఎమ్మారై అయింది. అనుమానం పూర్తిగా పోలేదు. కాన్పు పిల్లల గుండె విభాగం ఉన్న ఆసుపత్రిలోనే అని నిర్ణయించారు. విజయవాడ టికెట్ రద్దయింది. వాళ్ళమ్మగారు వీసాకు అర్జీ పెట్టుకున్నారు. సీమంతం గాజులు తానే తెస్తానన్నారట.