ఒక్క కట్‌లో ఎదగని పిల్లలు

మన సినిమాల్లో పిల్లాడు పరుగెత్తుతుంటాడు. వెనక ఎవరో తరుముతుంటారు, లేదంటే ముందు రైలు కదిలిపోతుంటుంది. కెమెరా కాళ్ల మీదికి దిగుతుంది. చెప్పుల్లేని ఆ చిన్న పాదాలు నాలుగడుగులు వేసేసరికి బూట్లు తొడిగిన పెద్ద కాళ్లయిపోతాయి. కెమెరా పైకి లేస్తే హీరో! హాల్లో ఈలలు, కాగితం ముక్కలు. ఎన్నేళ్లుగానో ఆ కట్‌కి చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఆ రెండు అడుగుల నడుమ గల్లంతైన పది పన్నెండేళ్ల మాట మాత్రం ఎవరమూ అడగలేదు.

గొంతు బొంగురుపోయి పాట పాడమంటే సిగ్గుపడ్డ రోజులు, నాన్న జేబులో డబ్బుల్లేవని మొదటిసారి అర్థమైన సాయంత్రం, పెద్దమనిషయ్యాక ఇక ఆటకు రాని పక్కింటి స్నేహితురాలు... అన్నీ ఆ కట్‌లో కొట్టుకుపోయాయి. ‘కమింగ్ ఆఫ్ ఏజ్’ అని ప్రపంచం పిలుచుకునే సినిమాలు, అందులోనూ పెద్ద సంస్థల అండ లేకుండా తీసినవి, కాపురముండేది సరిగ్గా అక్కడే.

రీమా దాస్ ‘విలేజ్ రాక్‌స్టార్స్’ (2017) చూడండి. అస్సాంలో తాను పుట్టి పెరిగిన ఛాయ్‌గావ్ ప్రాంతంలో, ఆ ఊరి పిల్లలతోనే తీశారు. కథ, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ ఆమే. 2018లో దానికి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం దక్కింది. అందులో ధును అనే పిల్లకి గిటారు కావాలి. మగపిల్లలతో కలిసి చెట్లెక్కుతుంది, థర్మకోల్ గిటారు పట్టుకుని ఊగుతుంది. ఈడేరాక ఇంకా మగపిల్లలతో ఆటలేమిటని ఊరి ఆడవాళ్లు దెప్పితే తల్లి కూతురి వైపు నిలబడుతుంది. కథగా చెబితే ఇంతే. చూస్తే మాత్రం వరదనీళ్ల మీద వాలే పొద్దు, ఆకాశం కింద చుక్కంత పిల్ల, చాలాసేపు మాటల్లేకపోవడం. లైట్లు లేవు గనుక వెలుతురు వచ్చేదాకా కాచుకోవాలి. అలా కాచుకున్నతనం తెర మీద కనబడుతుంది. లేమి ఇక్కడ శైలిగా మారింది.

ఈ సినిమాలకు అసలు పెట్టుబడి కాలం. రిచర్డ్ లింక్‌లేటర్ ‘బాయ్‌హుడ్’ (2014) కోసం ఒకే పిల్లాణ్ని 2002 నుంచి 2013 దాకా, ఏటా కొన్ని రోజుల చొప్పున చిత్రీకరించాడు. డిజిటల్ కెమెరాలు వచ్చిపడుతున్నా, ఏళ్లు మారినా బొమ్మ రూపు మారకూడదని మొదట పట్టుకున్న ఫిల్మునే చివరిదాకా వదల్లేదు. బ్యారీ జెంకిన్స్ ‘మూన్‌లైట్’ (2016)లో దారి వేరు. ఒకే మనిషికి మూడు వయసులు, ముగ్గురు నటులు. ఒకరినొకరు అనుకరించకూడదని చిత్రీకరణలో ఆ ముగ్గురినీ కలవనివ్వలేదు. మూడు భాగాలకూ మూడు రకాల ఫిల్మును తలపించే రంగులద్దారు. ఏళ్లు గడిస్తే వెలుతురు కూడా మారుతుందన్నమాట.

వెలుతురు సంగతి వచ్చింది కాబట్టి మన దేశంలోనే జరిగిన ముచ్చటొకటి. ‘అపరాజితో’ (1956)లో కాశీ ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్ వేశారు. పైన ఆకాశం లేదు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ పైన తెల్లగుడ్డ కట్టించి, దీపాల కాంతిని దాని మీద కొట్టి కిందికి జార్చాడు. నీడలు తేలికపడి, ఇంట్లోకి నిజంగా పగటి వెలుగు దిగినట్టయింది. ఆ సినిమాలోని పిల్లాడు అపు బాల్యం మనకు జ్ఞాపకంలా తోస్తుందంటే అందులో ఆ గుడ్డకూ వాటా ఉంది.

ముగింపుల్లో కూడా వీటి దారి వేరే. త్రూఫో ‘ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ (1959) చివర్లోనూ ఒక పిల్లాడు పరుగెత్తుతాడు. బాలల నిర్బంధ గృహం నుంచి తప్పించుకుని సముద్రం దాకా పోతాడు. ఇక పోవడానికి నేల లేదు. వెనక్కి తిరిగి మనవైపు చూస్తాడు, బొమ్మ అక్కడే ఆగిపోతుంది. హీరో అవడు. నాగరాజ్ మంజులే ‘ఫాండ్రీ’ (2013)లో పంది పట్టే కులంలో పుట్టిన జబ్యా చివరికి రాయి విసురుతాడు. అది నేరుగా కెమెరా మీదికి, అంటే మన మొహం మీదికి వస్తుంది. వాడి పెరుగుదలకు కులం అడ్డుగోడ. ఆ గోడకు ఇవతల కూర్చుని చూస్తున్నది మనం.

అయితే శైలి ఫ్యాషనయ్యే ప్రమాదమూ ఉంది. వెలిసిన రంగులు, వణికే కెమెరా, కిటికీలోంచి చూస్తున్న అమ్మాయి, వెనక సన్నగా గిటారు. ఇవి పేరిస్తే చాలు, ‘ఇండీ’ (స్వతంత్ర) సినిమా అయిపోయిందనుకుంటున్న లఘుచిత్రాలు వారానికి పది వస్తున్నాయి. ఫోనులో ఫిల్టరుంది. ఓపికకు ఫిల్టరు లేదు.

మన దగ్గర ఆ ఓపిక అసలు లేదనలేం. వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో విశాఖలోని ఆ పేట జనమే చాలావరకు నటులు. బడి వయసు నుంచి నలభై తొమ్మిదేళ్ల దాకా నాలుగు ప్రేమకథలు, నాలుగు పేర్లు, నలుగురు నటులు. ఆఖరికి అవన్నీ ఒక్కడి బతుకే అని తెలిసినప్పుడు, మన సినిమా ఒక్క కట్‌లో దాటేసే ఏళ్లన్నీ ఒక్కసారిగా వెనక్కి వచ్చి పక్కన కూర్చుంటాయి.

ఆ ఏళ్లు తెలుగు పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. నామిని మిట్టూరు ఉంది, ఖదీర్‌బాబు దర్గామిట్ట ఉంది, సోమరాజు సుశీల ఇల్లేరమ్మ ఉంది. తొలి సినిమా తీయబోయే కుర్రాళ్లకూ అమ్మాయిలకూ మా విన్నపం ఒక్కటే. విదేశీ సినిమాల రంగులు వెతికే ముందు ఈ పుస్తకాలు చదవండి. తర్వాత మీ వీధిలోకి వెళ్లి, ఏ సాయంత్రం వెలుతురు ఎటు నుంచి పడుతుందో చూసుకోండి. కెమెరా ఆ తర్వాత తీయవచ్చు.